టర్బో ఇంజిన్‌కు బోర్ సైజు: అపోహలు - వాస్తవాలు

టర్బో బిల్డ్ మొదలుపెట్టేవాళ్లు ముందుగా అడిగేది "ఈ బ్లాక్‌ని ఎంతవరకు బోర్ చేయొచ్చు?" అని, అంటే సిలిండర్ రంధ్రాన్ని ఎంత పెద్దది చేయొచ్చని. బోరింగ్, హోనింగ్ (సానరాళ్లతో సిలిండర్ లోపలి గోడను చివరి సైజుకు రుద్దడం) పని చేసేవాడిగా నేను తిరిగి అడిగేది ఒకటే: బోర్ చేశాక సిలిండర్ గోడ ఎంత మందం మిగులుతుంది? బూస్ట్ (టర్బో గాలిని లోపలికి నెట్టే ఒత్తిడి) తర్వాతైనా పెంచుకోవచ్చు, గోడలోంచి తీసేసిన ఇనుము మాత్రం తిరిగి రాదు.

అపోహ: బోర్ ఎంత పెంచితే పవర్ అంత పెరుగుతుంది.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. నిస్సాన్ ఎస్ఆర్20లో బోర్ (సిలిండర్ వ్యాసం) 86 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం) 86 మి.మీ., నాలుగు సిలిండర్లు కలిపి 1998 సీసీ. దాన్ని 87కి బోర్ చేస్తే సుమారు 2045 సీసీ అవుతుంది, అంటే 2.3 శాతం. టర్బో లేని ఇంజిన్‌లో ఆ కాస్తకైనా విలువ ఉంది, ఎందుకంటే అక్కడ గాలిని లోపలికి నెట్టేది ఏదీ లేదు. 1 బార్ బూస్ట్ మీద నడిచే ఇంజిన్‌లోనైతే అదే గాలి కోసం బూస్ట్ ఇంకో 0.05 బార్ పెంచితే దాదాపు సరిపోతుంది.

ఇక ఆ మిల్లీమీటర్‌కు మనం ఏం పోగొట్టుకుంటున్నామో చూడండి. గోడ 5 మి.మీ. ఉందనుకుందాం. బోర్ 1 మి.మీ. పెరిగితే చుట్టూ అర మిల్లీమీటర్ పోయి 4.5 మిగులుతుంది. లోపలి ప్రెషర్ అంతే ఉన్నా గోడ మీద పడే ఒత్తిడి 12 శాతం దాకా పెరుగుతుంది. వంగకుండా నిలబడే గుణం మందానికి ఘనంలో మారుతుంది కాబట్టి అది ఏకంగా 27 శాతం తగ్గిపోతుంది. పదో వంతు పలచబడితే పదో వంతే బలహీనపడుతుందని అనుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. గోడ వెంటనే పగలదు, ముందు ఫైరింగ్ జరిగిన ప్రతిసారీ కాస్త ఉబ్బుతుంది, రింగులు దాన్ని పట్టుకుని ఉండలేవు, బ్లో-బై (రింగుల పక్కనుంచి కిందకు జారే గ్యాస్) పెరుగుతుంది, ఆయిల్ తాగడం మొదలవుతుంది, చాలామంది ఈ దశలో రింగులు మార్చి ఊరుకుంటారు. ఆ తర్వాత ఒకరోజు థ్రస్ట్ వైపు (పిస్టన్ గట్టిగా ఒరిగే వైపు) గోడ చీలి కూలెంట్ సిలిండర్‌లోకి వస్తుంది.

అపోహ: ఈ ఇంజిన్ ఫలానా సైజు వరకు సేఫ్, అందరూ చేస్తున్నారు.

ఇంకొకరి బ్లాక్ సేఫ్ అయితే మీది సేఫ్ అని కాదు. పోత పోసేటప్పుడు లోపలి అచ్చు కాస్త పక్కకు జరిగినా ఒకే సిలిండర్‌కు ఒకవైపు గోడ 5.8, ఎదురువైపు 3.9 రావచ్చు, పైనుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. పాత బ్లాక్ అయితే నీళ్ల వైపు తుప్పు తినేసింది కూడా ఉంటుంది. అందుకే సోనిక్ టెస్టర్ (శబ్ద తరంగాలతో గోడ మందం కొలిచే పరికరం). ముందు అదే లోహంతో చేసిన, మందం తెలిసిన ముక్క మీద దాన్ని సెట్ చేసుకోవాలి. తర్వాత జెల్ రాసి ప్రోబ్ ఆనించి ప్రతి సిలిండర్‌లో పైన, మధ్యలో, కింద, నాలుగు వైపులా కొలిచి, ఆ అంకెలను మార్కర్‌తో ఆ సిలిండర్ పక్కనే రాసేయాలి. సగటు తీయొద్దు. అన్నింటికంటే తక్కువ వచ్చిన అంకే లెక్క, అందులోనూ పవర్ స్ట్రోక్‌లో పిస్టన్ ఒరిగే వైపు వచ్చింది ఇంకా ముఖ్యం. ఇనుప బ్లాక్‌లో బోరింగ్ తర్వాత ఆ వైపు 4 మి.మీ. కంటే తక్కువ మిగిలేలా ఉంటే, పెద్ద బూస్ట్‌కు ఆ సైజు వద్దనే చెప్తాను.

నా సలహా మొదటి నుంచీ ఒకటే: గీతలు, టేపర్ (పైనా కిందా వ్యాసంలో తేడా), ఓవల్ (గుండ్రం తప్పడం) పూర్తిగా పోయే మొదటి సైజు దగ్గర ఆగండి. 0.25 మి.మీ.తో పోతే 0.50 ఎందుకు?

అపోహ: స్లీవ్ వేయిస్తే ఎంత పెద్ద బోరైనా పర్వాలేదు.

స్లీవ్ (సిలిండర్‌లోకి దించే విడి గొట్టం, లైనర్ అన్నా అదే) మంచి పరిష్కారమే. హోండా బీ సిరీస్ అల్యూమినియం బ్లాకుల్లో 81 నుంచి 84 మి.మీ.కి వెళ్లేవాళ్లు పాత లైనర్ తీసేసి డక్టైల్ ఐరన్ (సులువుగా పగలని పోత ఇనుము) స్లీవ్ దించేది అందుకే. కానీ పక్కపక్క సిలిండర్ల సెంటర్ల మధ్య దూరం మారదు కదా, బోర్ పెరిగేకొద్దీ వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ (బ్లాక్‌కు, పైనున్న హెడ్‌కు మధ్య సీలు) కూర్చునే జాగా తగ్గుతూ పోతుంది. గ్యాస్కెట్ బోర్ కూడా సిలిండర్ కంటే పెద్దదై ఉండాలి, లేకపోతే దాని అంచు మంటలోకి వస్తుంది.

అపోహ: సైజు కుదిరితే చాలు, హోనింగ్ ఎలా చేసినా ఒకటే.

హెడ్ బోల్టులు బిగిస్తే సిలిండర్ ఆకారం మారుతుంది. నమ్మకం లేకపోతే డయల్ బోర్ గేజ్ (వ్యాసం కొలిచే ముల్లు గేజ్) లోపల ఉంచి టార్క్ ప్లేట్ (హెడ్ బదులు బిగించే మందపాటి పలక) బిగించి చూడండి, ముల్లు కదలడం మీ కళ్ల ముందే కనిపిస్తుంది. గోడ పలచగా ఉంటే ఇంకా ఎక్కువ కదులుతుంది. కాబట్టి ప్లేట్ వేసి, మీరు వాడబోయే రకం గ్యాస్కెట్‌తో, అవే బోల్టులతో, అదే టార్క్‌కు బిగించాకే ఫైనల్ హోనింగ్.

క్లియరెన్స్ (పిస్టన్‌కు, గోడకు మధ్య గ్యాప్) పిస్టన్‌ని బట్టి ఉంటుంది. 2618 అల్లాయ్ ఫోర్జ్డ్ పిస్టన్ వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది, సిలికాన్ ఎక్కువున్న 4032 తక్కువ, అందుకే మొదటిదానికి గ్యాప్ ఎక్కువ ఇవ్వాలి. పిస్టన్లు చేతికి రాకముందే బోరింగ్ మొదలుపెట్టించొద్దు. వచ్చాక ఒక్కో పిస్టన్‌ను తయారీదారు చెప్పిన ఎత్తులో, స్కర్ట్ (పిస్టన్ కింది భాగం) దగ్గర మైక్రోమీటర్‌తో కొలిచి, ఏది ఏ సిలిండర్‌కో నంబర్ వేసి, ఆ నంబర్లతోనే మెషినిస్ట్‌కు ఇవ్వండి.