మూడు రాత్రుల క్రూజా, ఏడు రాత్రుల క్రూజా? కొన్ని అపోహలు, వాస్తవాలు

హన్మకొండలో ట్రావెల్స్ ఆఫీసంటే ఒకప్పుడు కాశీ, షిర్డీ, చార్‌ధామ్, మహా అయితే దుబాయ్ టికెట్. ఇప్పుడు వేసవి సెలవులు రాకముందే "అన్నా, ఫ్యామిలీకి షిప్పు టూరు ఎంతయితది?" అని ఫోన్లు మొదలవుతున్నాయి. అడిగేవాళ్లలో చాలామంది పాపికొండల లాంచీ ఎక్కినవాళ్లు, లక్నవరంలో బోటు తిరిగినవాళ్లు. సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో పోవాల్సిన ఊళ్లు మనవి. అందుకే ఓడ గురించి తెలిసిందంతా ఫోన్లో చూసిందే. చిన్న క్రూజుకూ పెద్ద క్రూజుకూ తేడా రాత్రుల లెక్కే అనుకుంటారు. కానీ ఖర్చు లెక్క మారుతుంది, గది అవసరం మారుతుంది, వీసా మారుతుంది, ఆఖరికి ఇంట్లో ఎవరిని తీసుకుపోవచ్చన్నదీ మారుతుంది. మా టేబుల్ ముందు మళ్లీ మళ్లీ వినబడే మాటలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: "మూడు రాత్రులంటే నాలుగు రోజులు కదా"

బ్రోచర్‌లో అట్లాగే ఉంటుంది. ఎక్కే రోజు మధ్యాహ్నం పోర్టులో లైను, లగేజీ స్కానింగు, పాస్‌పోర్టు చూపించుడు. గది చేతికొచ్చేసరికి ఒంటిగంటో రెండో అవుతుంది. తర్వాత ప్రమాదమొస్తే ఏం చేయాలో చూపించే సేఫ్టీ డ్రిల్లు. పిల్లలైనా పెద్దలైనా తప్పించుకునే వీల్లేదు. 2012 జనవరిలో ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా అనే క్రూజు ఓడ బండకు తగిలి ఒరిగిపోయినప్పుడు 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన కొన్ని వందల మందికి అప్పటికింకా డ్రిల్లే జరగలేదు. ఆ తర్వాతే ఓడ కదలకముందో, కదలగానే వెంటనేనో డ్రిల్లు పెట్టాలని అంతర్జాతీయ నిబంధన మార్చారు. ఈ డ్రిల్లు అయ్యేసరికి సాయంత్రం.

ఇక దిగే రోజు. ముందురోజు రాత్రి పదీ పదకొండు లోపే పెద్ద సూట్‌కేసులకు ట్యాగు కట్టి గది బయట పెట్టాలి. పొద్దున ఎనిమిదికల్లా గది ఖాళీ చేయాలి. అంటే మూడు రాత్రుల్లో పూర్తిగా మన చేతికి దొరికేవి రెండు రోజులు. రెండు రాత్రులదైతే ఒక్కటే. ఏడు రాత్రులదైతే ఆరు. ఈ ఎక్కుడు దిగుడు తిప్పలు మాత్రం రెండింటికీ ఒక్కటే. వరంగల్ నుంచి శంషాబాద్‌కు మూడు గంటల కారు, విమానం, హోటలు కూడా అంతే.

అందుకే సింగపూర్ క్రూజు అడిగినవాళ్లకు నేను మూడు నాలుగు రాత్రుల ఓడకు మరో మూడు రోజులు సింగపూర్ ఊరు కలిపి చూపిస్తాను. రెండు రోజుల ఓడ కోసమే అంత దూరం పోయి వస్తే పెద్దవాళ్లకు అలసట తప్ప ఇంకేం మిగలదు.

అపోహ: "ఏడు రాత్రులదైతే మూడు రాత్రులదానికి రెండింతల పైన అవుతది"

టికెట్ వరకూ దాదాపు నిజమే. మొత్తం లెక్క వేస్తే అట్లా రాదు. విమానం, వీసా ఫీజులు, పోనురాను కార్లు ఒక్కసారే కదా, రోజులు పెరిగినకొద్దీ వాటి భారం పలచబడుతుంది. పెరిగేవి వేరే ఉన్నాయి. చాలా అమెరికన్ కంపెనీల ఓడల్లో సిబ్బందికి ఇచ్చే టిప్పు తలకు ఇంత, రోజుకు ఇంత అని బిల్లులో కలిసి వస్తుంది. మూడేళ్ల పిల్లకూ అంతే. రోజుకు 18 డాలర్ల చొప్పున నలుగురికి మూడు రాత్రులకు 216 డాలర్లు, ఏడు రాత్రులకు 504. డాలరు 85 రూపాయలనుకున్నా నలభై రెండు వేలు దాటింది. ఇది టికెట్ ధరలో ఉందా లేదా అని బుక్ చేసేముందే అడగాలి. వైఫై కూడా రోజు లెక్కే. మందు ప్యాకేజీ సంగతి మనవాళ్లు అన్నిటికంటే ముందడుగుతారు కాబట్టి చెప్తున్నా: కొన్ని ఓడల్లో గదిలో ఒక పెద్దమనిషి తీసుకుంటే ఆ గదిలోని మిగతా పెద్దవాళ్లూ తీసుకోవాల్సిందే. తాగని భార్యకు కూడా ఏడు రోజుల ప్యాకేజీ కట్టుడంటే ఆలోచించుకోండి.

గది సంగతి చాలామంది చివరికి అడుగుతారు, మొదట అడగాల్సింది అదే. ఒకే గదిలో మూడో మనిషికి, నాలుగో మనిషికి రేటు బాగా తగ్గుతుంది కాబట్టి నలుగురినీ ఒకే గదిలో వేయమంటారు. మామూలు గది 170, 180 చదరపు అడుగులు. రాత్రి పని కుర్రాడొచ్చి పైకప్పులోంచి బెర్తు కిందికి దించి చిన్న నిచ్చెన తగిలించి పోతాడు. నిచ్చెన వేస్తే సోఫాకూ మంచానికీ మధ్య అడుగు పెట్టే సందు ఉండదు. బాత్రూం ఒక్కటే, అందులో షవర్ తెర ఒంటికి అంటుకుంటూ ఉంటుంది. మూడు రాత్రులు దాన్ని నవ్వుకుంటూ గడిపేస్తారు. ఏడు రాత్రులు, అందులో పొద్దున ఏడుకల్లా తయారై బయటపడాల్సిన ఊరు రోజూ ఉంటే, నాలుగో రోజుకు ఆలుమగలు మాట్లాడుకోరు. పెద్ద క్రూజుకు, అందులో అత్తమ్మో బాపో వెంట ఉంటే, మధ్యలో తలుపున్న రెండు గదులు తీసుకోండి. బాల్కనీ కోసం పెట్టే డబ్బులు దీనికి పెట్టండి.

అపోహ: "ఏడు రోజులు నీళ్ల మీద ఏం జేస్తరే? బోర్ కొడ్తది"

మధ్యధరా సముద్రంలో వారం రోజుల క్రూజు సాధారణంగా బార్సిలోనా, మార్సెయ్, జెనోవా, చివితావెక్కియా, నేపుల్స్ లేదా పలెర్మో అట్లా తిరుగుతుంది. నీళ్లు తప్ప ఇంకేం లేని రోజు ఒక్కటుంటే గొప్ప. చివితావెక్కియా అంటే రోమ్ రేవు. కానీ రోమ్ అక్కడికి 80 కిలోమీటర్లు. ఓడ పొద్దున ఏడుకు ఆగుతుంది, సాయంత్రం ఆరేడు గంటలకు కదులుతుంది. రేవు బయటికి షటిల్ బస్సు, అక్కడి నుంచి స్టేషను, గంట పైన రైలు, మళ్లీ వెనక్కి. నాయినమ్మ మోకాళ్లతో, స్ట్రోలర్‌లో పిల్లతో కొలోసియం చుట్టూ తిరిగి రావాలి. కంపెనీ వాళ్ల టూర్ బస్సులో పోతే, అది ఆలస్యమైనా ఓడ ఆగుతుంది. సొంతంగా పోయి ఆలస్యమైతే ఆగదు, మన ఖర్చుతో తర్వాతి రేవుకు పోయి ఎక్కాల్సిందే. ఇట్లాంటి ట్రిప్పులో పిల్లలు వాటర్ స్లైడు మొహం చూసేది రాత్రి ఎనిమిదికి.

ఓడలోనే పడుకుని, తిని, ఈదాలనుకునే ఇంటికి చిన్న క్రూజే నయం. సింగపూర్ నుంచి నడిచే డిస్నీ అడ్వెంచర్ ఓడ ప్యాకేజీలు మూడు, నాలుగు రాత్రులవే, మధ్యలో ఏ ఊళ్లోనూ ఆగవు. మిగతా కంపెనీల ఓడలు పెనాంగో ఫుకెటో ఒకటి రెండు చోట్ల ఆగుతాయి.

నిజంగా నీళ్లే నీళ్లు చూడాలంటే ఏటా వసంతంలో, చలికాలం ముందు ఓడలు యూరప్‌కూ అమెరికాకూ మధ్య మారేటప్పుడు ఎక్కాలి. వరసగా ఆరేడు రోజులు నేల కనబడదు. రేటు చవకగా కనిపిస్తుంది కానీ చిన్నపిల్లలున్న ఇంటికి నేను అమ్మను. ఇక 2023లో మొదలైన గంగా విలాస్ అనే నది ఓడ వారణాసి నుంచి డిబ్రూగఢ్ దాకా 51 రోజులు నడిచింది. దాన్ని చూసి "లాంగ్ క్రూజులంటే గవే కదా" అని అడిగినవాళ్లూ ఉన్నారు.

అపోహ: "చిన్న ట్రిప్పులకు పాత ఓడలే వేస్తరు"

ఒకప్పుడు చాలావరకు నిజం. మన దేశపు క్రూజు కంపెనీ కార్డేలియా వాళ్ల ఎంప్రెస్ 1990 నాటి ఓడ, అప్పట్లో అమెరికన్ కంపెనీ రాయల్ కరీబియన్ వాళ్లు చిన్న ట్రిప్పుల కోసమే కట్టించారు. కానీ 2024లో అదే రాయల్ కరీబియన్‌కు వచ్చిన కొత్త ఓడ యుటోపియా ఆఫ్ ద సీస్‌ను నేరుగా మూడు, నాలుగు రాత్రుల ట్రిప్పులకే దింపారు. రాత్రులు చూసి ఓడ వయసు చెప్పలేం.

అపోహ: "మొదటిసారి కదా, వాంతులైతయేమో, చిన్నదే మంచిది"

సముద్రానికి ఒళ్లు అలవాటుపడడానికి చాలామందికి ఒకటి రెండు రోజులు పడుతుంది. చిన్న క్రూజులో సరిగ్గా అలవాటైన రోజే దిగిపోతారు. వారం రోజులదైతే ఆ తర్వాత హాయిగా ఉంటుంది. అయినా రాత్రుల సంఖ్య కంటే ఏ సముద్రం, ఏ నెల అన్నదే పెద్ద విషయం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అరేబియా సముద్రం పొంగు మీద ఉంటుంది, అందుకే వానాకాలంలో మన కార్డేలియా ఓడ ముంబయి వదిలి చెన్నై నుంచి నడుస్తుంది. భయమున్నవాళ్లు కింది అంతస్తుల్లో, ఓడ నడిమధ్య గది అడగండి. పైన ముందువైపు బాల్కనీ గది ఫోటోల్లో బాగుంటుంది, ఊగేదీ అదే ఎక్కువ.

అపోహ: "అన్నం దొరకదు, కుక్కర్ పట్కపోతం"

జగిత్యాల నుంచి వచ్చిన ఒక ఇంటివాళ్లకు ముందే చెప్పినా వినకుండా బట్టల మధ్య చిన్న రైస్ కుక్కర్ పెట్టుకున్నారు. పోర్టు స్కానింగులో పట్టుకుని, చీటీ రాసి, దిగే రోజు ఇస్తామని పక్కన పెట్టారు. అక్కడ అప్పటికే కెటిల్, ఇస్త్రీ పెట్టె, ఇమ్మర్షన్ హీటర్ వరుసగా ఉన్నాయంట. గదిలో వేడి చేసే ఏ వస్తువూ నడవదు. అగరబత్తి, కర్పూరం, దీపం కూడా వెలిగించనివ్వరు, మంటంటే ఓడకు అంత భయం.

మన దేశపు ఓడలోనూ, సింగపూర్ ఓడల్లోనూ అన్నం, పప్పు, కూరలకు లోటుండదు. యూరప్ వారం క్రూజులో ఐదో రోజుకు పాస్తా మొహం చూడబుద్ధి కాదు, అది ఒప్పుకోవాలి. టికెట్ చేసేటప్పుడే శాకాహారమని రాయించండి, మొదటి రాత్రే డైనింగ్ హాల్లో హెడ్ వెయిటర్‌తో మాట్లాడండి. చాలాచోట్ల మరునాటి నుంచి విడిగా ఏదో ఒక కూర వండి పెడతారు. రెండు రాత్రుల ట్రిప్పులో ఈ పరిచయం అయ్యేలోపే దిగిపోతాం. సీలు వేసిన సకినాల ప్యాకెట్లు, కారప్పొడి బ్యాగులో పెట్టుకోవచ్చు. అయితే ఓడ దిగి ఊళ్లోకి పోయేటప్పుడు తినేవి వెంట తీసుకుపోనివ్వని దేశాలున్నాయి, గదిలోనే వదలండి.

అపోహ: "ఒక్క వీసా ఉంటే చాలు, ఓడ దిగకుంటే అయిపోయె"

ఇక్కడే ఎక్కువమంది దెబ్బ తింటారు. ముంబయి, గోవా, లక్షద్వీప్ అయితే ఆధార్ లాంటి గుర్తింపు కార్డుతో పని అయిపోతుంది. బయటి దేశాలకు రోజులు పెరిగినకొద్దీ దేశాలు పెరుగుతాయి. గ్రీసు దీవులు చూస్తూ మధ్యలో టర్కీ తగిలితే షెంగెన్ (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల గుంపు) దాటి మళ్లీ లోపలికి వచ్చినట్టు, కాబట్టి మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండాలి. సింగపూర్‌లో ఎక్కి సింగపూర్‌లోనే దిగినా రెండోసారి వచ్చినట్టే లెక్క, అరైవల్ కార్డు మళ్లీ నింపాలి.

మన దగ్గర ఇంకో రకం కేసులు ఉంటాయి. కొడుకో బిడ్డో అమెరికాలో ఉంటారు, అమ్మానాన్నలు పోయినప్పుడు సియాటెల్ నుంచి అలాస్కా ఏడు రాత్రుల క్రూజు బుక్ చేస్తారు. 1886 నాటి అమెరికా చట్టం ఒకటి విదేశీ జెండా ఉన్న ఓడలు మధ్యలో ఏ విదేశీ రేవూ తాకకుండా అట్లా తిప్పడానికి ఒప్పుకోదు. అందుకే ఆ ఓడలు కెనడాలోని విక్టోరియాలో ఓ సాయంత్రం ఆగుతాయి. ఆ కొన్ని గంటల కోసం మన పాస్‌పోర్టు వాళ్లకు కెనడా వీసా కావాలి. "మేం దిగం, గదిలోనే కూసుంటం" అంటే ఓడ ఎక్కనివ్వరు. పిల్లలు అమెరికా పాస్‌పోర్టుతో తిరుగుతూ ఉంటారు కాబట్టి ఈ సంగతి వాళ్లకు తట్టదు.

అపోహ: "చంటిపిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్లకు రూల్స్ అన్ని ఓడల్లో ఒక్కటే"

చాలా ఓడల్లో ఆరు నెలలు నిండిన పిల్లను ఎక్కిస్తారు. వరసగా మూడు రోజులో అంతకంటే ఎక్కువో నేల తగలని ప్రయాణమైతే ఏడాది నిండాలంటారు. గర్భిణుల విషయంలో లెక్క చూసేది ఎక్కే రోజు నుంచి కాదు, దిగే రోజు వరకు. క్రూజు ముగిసేలోపు 24వ వారం మొదలయ్యేటట్టుంటే, అంటే 23 వారాలు నిండేటట్టుంటే, చాలా ఓడల్లో తీసుకోరు. ఇరవై రెండున్నర వారాలున్న అమ్మాయి మూడు రాత్రులది పోగలదు, ఏడు రాత్రులది పోలేదు. పిల్లల క్లబ్బులు సాధారణంగా మూడేళ్లు దాటి డైపర్ మానినవాళ్లకే. డైపర్‌తో ఉన్న పిల్లలను చాలా ఓడల్లో ఈత కొలనులోకీ దింపనివ్వరు.

ఓడలో డాక్టర్ ఉంటారు, కానీ మన ఆరోగ్యశ్రీ అక్కడ పనిచేయదు, ఫీజు డాలర్లలో. హెలికాప్టర్‌లో ఒడ్డుకు చేర్చే ఖర్చు కూడా ఇచ్చే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. షుగర్, బీపీ మాత్రలు రోజుల లెక్క మీద ఇంకో వారానికి అదనంగా ఉండాలి.

అపోహ: "ఓడ సాయంత్రం కదా, పొద్దున చెన్నైల దిగితే సరిపోతది"

వరంగల్‌లో రాత్రి తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి చెన్నైలో ఉంటారు, నిజమే. కానీ చెకిన్ గేటు ఓడ కదలడానికి చాలా ముందే మూసేస్తారు, రైలు నాలుగు గంటలు లేటైతే వినేవాళ్లు ఎవరూ ఉండరు. ముందురోజే పోయి పడుకోండి. విమానంలో లగేజీ తప్పిపోతే కూడా ఇదే తేడా: వారం క్రూజులో సూట్‌కేసు రెండో మూడో రేవులో మనల్ని అందుకుంటుంది, మూడు రాత్రులదాంట్లో అది వచ్చేలోపే మనం ఇంటిదారి పట్టి ఉంటాం. పోర్టులో కూలీ చేతికిచ్చిన పెట్టె సైతం గది ముందుకు రావడానికి సాయంత్రం అవుతుంది. మాత్రలు, పాస్‌పోర్టులు, చార్జర్, ఒక జత బట్టలు, పిల్లల ఈత డ్రెస్సులు భుజానికి తగిలించుకునే బ్యాగులో పెట్టుకోండి.