మనసుకూ వేళలు కావాలి

నెల్లూరు జిల్లా తీరంలో వనామీ రొయ్యలు సాగుచేసే రైతుకు తెల్లవారుజామున కంటిమీద కునుకు ఉండదు. చీకటి పడ్డాక నీటిలోని నాచుకు వెలుతురు అందక ఆక్సిజన్ తయారీ ఆగిపోతుంది. రొయ్యలు, నాచు, గుంత అడుగున ఉండే సూక్ష్మజీవులు మాత్రం రాత్రంతా ఆక్సిజన్‌ను వాడుకుంటూనే ఉంటాయి కాబట్టి పొద్దు పొడవక ముందు అది బాగా పడిపోతుంది. రొయ్యలు పైకి తేలాక, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు వేద్దామని ఏ రైతూ కూర్చోడు, ముందే తిప్పుతాడు. మనసు సంగతి వచ్చేసరికి ఆ రైతే కాదు, మనలో చాలామందిమి తేలేదాకా ఆగుతాము.

మనసును కాపాడుకునే దినచర్యలో ఏయే పనులు ఉండాలన్న దానికన్నా, అవి ఏ వేళకు జరుగుతాయన్నదే ముఖ్యమని నా అభిప్రాయం. మెదడులోని హైపోథాలమస్‌లో, కంటి నరాలు కలుసుకునే చోటికి కాస్త పైన, దాదాపు 20,000 నాడీకణాల గుంపు ఒకటి ఉంది. నిద్ర, ఒంటి వేడి, హార్మోన్ల విడుదల వంటివన్నీ సుమారు 24 గంటల లయలో సాగేలా చూసేది ఆ గుంపే. కణాల లోపల ఈ గడియారం ఎలా తిరుగుతుందో పండు ఈగలపై పరిశోధించి తేల్చిన జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఈ గడియారాన్ని ఏ రోజుకారోజు సరిచేసేది కంటిలో పడే వెలుగు, ముఖ్యంగా పొద్దుటి ఎండ. నిద్ర చాలనప్పుడు భయానికీ కోపానికీ స్పందించే అమిగ్డలా అనే మెదడు భాగం అతిగా ఉలిక్కిపడుతుంది, దానిని అదుపు చేయవలసిన, నుదుటి వెనుక ఉండే మెదడు భాగం పట్టు సడలుతుంది. రాత్రి నిద్ర లేని మర్నాడు చిన్న మాటకే పిల్లల మీద విరుచుకుపడడం వెనుక ఇది చాలావరకు ఉంటుంది.

గుంత గట్టున కాపలా ఉండేవారిని రోజూ ఎనిమిది గంటలు పడుకోమనడం అర్థం లేని సలహా. ఇంట్లో ఇద్దరు ఉంటే వంతులు వేసుకుని, ఒక్కొక్కరికి ఒకటి విడిచి ఒకటి పూర్తి రాత్రి దక్కేలా చూసుకోవడం, లేచాక కాసేపు ఎండలో తిరగడం, మధ్యాహ్నం అరగంటకు మించకుండా ఒక కునుకు తీయడం సాధ్యమే. టీ విషయంలో జాగ్రత్త అవసరం. ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది కనుక, రాత్రి తొమ్మిదింటికి తాగిన టీ ప్రభావం రెండింటికి కూడా పూర్తిగా పోదు.

ఇక దిగులు. 100 కౌంట్ (కిలోకు వంద తూగే) రొయ్యల ధర ఎంత పలుకుతోందో తెలుసుకోవడానికి రోజంతా వాట్సాప్ తీసి చూస్తూ ఉండేవారి మనసు ఒక్క గంట కూడా నిలకడగా ఉండదు. 1983లో మనస్తత్వవేత్త థామస్ బోర్కోవెక్ బృందం దీనికి పనికివచ్చే ఉపాయాన్ని పరీక్షించింది: దిగులును అణచమని చెప్పకుండా, రోజూ ఒకే చోట, ఒకే వేళకు, అరగంట సేపు దిగులు పడమని చెప్పింది. మిగతా సమయంలో వచ్చే ఆలోచనలను ఆ అరగంటకు వాయిదా వేయాలి. అలా చేసినవారిలో దిగులు తగ్గింది. సాయంత్రం ఐదింటికి ధరలు, అప్పు, మేత లెక్క అన్నీ కాగితం మీద పెట్టుకుని చూడడం, ఆ తరువాత ఫోను పక్కన పెట్టడం అటువంటి పనే.

మనసు కుదుటపడ్డాక నడుద్దాం, స్నేహితులను కలుద్దాం అనుకోవడం సహజం, కాని వరుస తరచు తిరగబడే ఉంటుంది. కుంగుబాటుకు ఇచ్చే మాటల చికిత్సలో, రోజువారీ పనులను తిరిగి మొదలుపెట్టించే భాగం ఒక్కటే పూర్తి చికిత్సకు దీటుగా పనిచేసిందని మనస్తత్వవేత్త నీల్ జాకబ్సన్ బృందం 1996లో చూపింది. కాబట్టి రొయ్యలు ఎంత తిన్నాయో తెలుసుకోవడానికి గుంతలో పెట్టే చెక్ ట్రేలో మేత మిగిలిందో లేదో చూసిన వెంటనే గట్టు మీద పది నిమిషాల నడక అని పెట్టుకుంటే, నడవాలనిపించిందా లేదా అన్న ప్రశ్నే రాదు. లండన్‌లో పరిశోధకురాలు ఫిలిప్పా లాలీ 96 మందిని పరిశీలించినప్పుడు ఒక పని అలవాటుగా స్థిరపడడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు చాలగా, కొందరి విషయంలో అది 254 దాకా పట్టవచ్చని అంచనా వేశారు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదన్నది అందులో నాకు బాగా నచ్చిన విషయం. గుంతలో వైరస్ సోకి హడావిడిగా రొయ్యలన్నీ పట్టి అమ్మవలసి వచ్చిన వారంలో నడక ఆగితే, మరుసటి వారం తిరిగి మొదలుపెట్టవచ్చు.

వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ వ్యాధి వచ్చి పంట పోయిన ఇంట్లో అప్పును నడక తీర్చదు. రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉండి, దేని మీదా ఆసక్తి లేకపోతే, వైద్యుణ్ణి కలవాలి. చావు ఆలోచనలు వస్తే రెండు వారాలు ఆగనక్కరలేదు, ఆ పూటే ఎవరికైనా చెప్పాలి. 2022 అక్టోబరులో మొదలైన, ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి మానస్‌కు 14416 నంబరుకు ఫోను చేస్తే, రాత్రీ పగలూ ఏ వేళకైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు.