ఒక్క గౌడన్న ఉన్నాడని ఎట్ల తెలుస్తది?

నల్లగొండలో అణువుల పాఠం చెప్తుంటే వెనక బెంచీ పిల్ల అడిగింది: "సార్, గంత చిన్నది ఒక్కటే ఉన్నదని ఎట్ల తెలుస్తది? రెండుంటే?" క్వాంటమ్ శాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ఒకడైన ష్రోడింగరే, ఒక్క పరమాణువుతో మనమెన్నడూ ప్రయోగం చేయం అని 1952లో రాశాడు.

పిల్లలను తాటివనంలోకి తీసుకుపోయాను, మాటల్లోనే. గౌడన్న మోకేసుకొని ఎక్కుతాడు, లొట్టిలో కల్లు వంచుకొని దిగుతాడు, కుండ కింద పెడతాడు. ఇంకో కుండ కావాలంటే మళ్లీ ఎక్కాల్సిందే. కళ్లు మూసుకొని కూర్చున్నా, కుండల చప్పుడు వింటే చాలు. రెండు చప్పుళ్లు ఎన్నడూ ఒక్కసారే రాలేదంటే వనంలో ఉన్నది ఒక్కడే.

అణువూ అంతే. లేజర్ కాంతిని మింగి ఎక్కుతుంది, దిగుతూ ఒక్క ఫోటాన్, అంటే ఒక్క కాంతి రేణువు, వదులుతుంది. మళ్లీ ఎక్కేదాకా రెండోది వదలడం కుదరదు, అందుకే ఫోటాన్‌కూ ఫోటాన్‌కూ మధ్య ఎడం ఉంటుంది. 1977లో కింబుల్, డాజెనే, మాండెల్ అనే శాస్త్రవేత్తలు సోడియం పరమాణువుల కాంతిని రెండు దారులుగా చీల్చి, చెరో డిటెక్టర్ పెట్టి ఈ ఎడాన్ని పట్టారు. 1980లో హైడెల్‌బర్గ్‌లో ఒక్క బేరియం అయాన్‌ను (విద్యుదావేశమున్న పరమాణువును) ఉచ్చులో బంధించి దాని వెలుగు చూశారు.

స్ఫటికంలో అణువును పట్టడం ఇంకో తంటా, అక్కడ కోట్లల్లో ఉంటాయి. 1989లో కాలిఫోర్నియా ఐబీఎం ప్రయోగశాలలో మోర్నర్, కాడోర్ పారా-టెర్ఫినైల్ అనే పదార్థపు స్ఫటికంలో పెంటసీన్ అనే ఇంకో పదార్థం కొద్దిగా కలిపి ద్రవ హీలియంలో చల్లబరిచారు. అంత చలిలో ఒక్కో అణువు మింగే రంగు గీతలా సన్నబడుతుంది. ఒక్కోదాని చుట్టూ ఒత్తిడి వేరు కాబట్టి ఒక్కో గీత ఒక్కో చోట పడుతుంది, గీతల గుంపు మధ్యలో మాత్రం ఒకదాని మీద ఒకటి పడతాయి. 593 నానోమీటర్ల దగ్గర, గుంపు పలచబడ్డ అంచుకు లేజర్‌ను జరిపితే ఒక్కటే చిక్కింది. 1990లో బోర్డోలో ఓరిట్, బెర్నార్డ్ అది వెదజల్లే కాంతినే లెక్కపెట్టారు. కుండకూ కుండకూ మధ్య ఎడం అందులోనూ ఉందని 1992లో తేలింది.

గౌడన్న ఒక్కోసారి దిగుతూ దిగుతూ మధ్యలో మోకుకు ఒరిగి బీడీ ముట్టిస్తాడు. పెంటసీన్ కూడా 20 నానోసెకన్లలో దిగాల్సింది, ట్రిప్లెట్ అనే నడిమి స్థితిలో పదుల మైక్రోసెకన్లు ఆగిపోతుంది. అంతసేపూ చీకటే. వందమంది గీస్తుంటే ఎవరో ఒకరు దించుతూనే ఉంటారు, ఒకరు ఆగినట్టే తెలియదు. చప్పుడే ఆగిపోయిందంటే ఉన్నది ఒక్కడే.

పిల్ల వదల్లేదు. "ఇద్దరు గౌడన్నలు మాట్లాడుకొని వంతులేసుకుంటే సార్?"

అదీ జరుగుతుంది. కాంతిని మింగే భాగాలు ఒకే పెద్ద అణువులో పక్కపక్కనే ఉంటే, రెండూ పైకెక్కినప్పుడు ఒకటి తన శక్తిని రెండోదానికి ఇచ్చేసి చప్పుడు లేకుండా దిగిపోతుంది. బయటికొచ్చేది ఒక్క ఫోటానే. కింద కూర్చుని వినేవాడికి ఒక్కడే ఉన్నట్టు అనిపిస్తుంది.