అక్షరం మిస్‌ది, అన్నం ఆయమ్మది

నేను మొదట చేరిన స్కూల్లో ప్రీకేజీ పిల్లలకి ఒక రూలు ఉండేది. ఏం కావాలన్నా ఇంగ్లీషులోనే అడగాలి. చెన్నైలో పెరంబూరు వైపు స్కూలు, క్లాసులో సగం మంది తెలుగిళ్ల పిల్లలే. ఒకరోజు పదకొండున్నరప్పుడు మూడున్నరేళ్ల బాబు ఒకడు తలుపు దగ్గరికొచ్చి, కాళ్లు మెలేసుకుని నిలబడి "ఒంటికి" అన్నాడు. నేను అప్పటికి కొత్త, హెచ్‌ఎం వింటుందేమోనన్న టెన్షన్ ఒకటి, "ఇంగ్లీషులో అడుగు నాన్నా" అన్నాను. వాడు నా మొహం చూశాడు, ఆయమ్మ మొహం చూశాడు, మళ్లీ "ఒంటికి" అన్నాడు, ఈసారి గొంతు సన్నబడింది. ఆయమ్మకి తమిళం తప్ప రాదు, కానీ తమిళంలో కూడా పిల్లలు "ఒణ్ణుక్కు" అనే అంటారు కాబట్టి ఆమెకి అర్థం కాకపోవడమేమీ లేదు. నేను ఆగమన్నాను గనక ఆమె కూడా ఆగింది. నిక్కరు తడిసింది. ఆయమ్మ మాప్ తెచ్చింది, నేను బోర్డు వైపు తిరిగి 'బి ఫర్ బాల్' అందుకున్నాను.

పదకొండేళ్లయింది. ఆ బాబు ఈపాటికి తొమ్మిదో క్లాసులో ఉంటాడు. ఆ పూట నాకు ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటుంది, ఎందుకంటే ఆ గదిలో ట్రైనింగ్ అయిన మనిషిని నేను, ఏం చెయ్యాలో తెలిసిన మనిషి ఆమె. చెన్నైలో చాలా ప్రీకేజీ గదుల్లో ఈ ఇద్దరూ కనిపిస్తారు. అక్షరాలు దిద్దించేది ఒకరు, ముక్కు తుడిచి, అన్నం కలిపి పెట్టి, కడిగేది ఇంకొకరు. జీతాలు వేరు, మర్యాదలు వేరు, చాలా చోట్ల కుర్చీ ఒకరికే ఉంటుంది. ఈ పంపకం ఎప్పుడు జరిగిందా అని పాత సంగతులు వెతుక్కుంటూ పోతే, సగం కథ మదరాసులోనే దొరికింది.

మన ఇళ్లల్లో అక్షరాభ్యాసం గుర్తు తెచ్చుకోండి. పళ్లెంలో బియ్యం పోసి, పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని, వేలు పట్టుకుని దిద్దిస్తారు. పాత వీధిబడుల్లో బియ్యం బదులు ఇసుక. 1789లో ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమానికి పెద్దగా వచ్చిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ పాదిరీ, ఇక్కడి బడుల్లో పిల్లలు ఇసుకలో వేలితో రాయడం చూసి తన దగ్గరా అదే పెట్టించాడు. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకి చెప్పే పద్ధతి కూడా జోడించాడు. ఇంగ్లండ్ తిరిగి వెళ్లి 1797లో దీని మీద పుస్తకం వేస్తే అక్కడ 'మద్రాస్ సిస్టమ్' అని పేరు స్థిరపడింది, తక్కువ ఖర్చులో వందల మందికి చదువు చెప్పొచ్చు కదా మరి. ఇసుక ఓడెక్కింది, ఒడి ఇక్కడే ఉండిపోయింది.

అన్నం సంగతి వేరే దారిలో వచ్చింది. 1920లో మదరాసు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి. మన టీ నగర్‌లోని 'టీ' ఈయనే, తెలుగు దేవాంగుల ఇంట్లో పుట్టిన మనిషి. పేద పిల్లలు ఆకలితో బడికి రావడం లేదని, థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ స్కూల్లో మధ్యాహ్నం టిఫిన్ పెట్టించారు. పిల్లకి రోజుకి ఒక అణా మించకూడదని లెక్క. ఇప్పుడు దేశమంతా తింటున్న మధ్యాహ్న భోజనానికి మొదటి ముద్ద అది. అందులో ఉన్న మంచి అందరికీ తెలుసు. నాకు కనిపించే ఇంకో సంగతి ఏంటంటే, తిండి అప్పటినుంచీ పిల్లని బడికి రప్పించే ఏర్పాటుగానే లెక్కకొచ్చింది, బడిలో జరిగే చదువులో అదీ ఒక ముక్క అని ఎవరూ అనుకోలేదు.

అలా అనుకున్న మనిషి 1939 నవంబరులో అడయారులో దిగింది. మరియా మాంటిస్సోరీ, ఇటలీ డాక్టరమ్మ, అప్పటికి 69 ఏళ్లు. దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడు జార్జ్ అరండేల్ పిలిస్తే కొడుకు మారియోతో కలిసి వచ్చింది. తాటాకు పందిళ్ల కింద దాదాపు మూడు వందల మందికి క్లాసులు, ఆమె ఇటాలియన్‌లో చెబితే కొడుకు ఇంగ్లీషు చేసేవాడు. కోర్సు అయిపోగానే వెళ్లిపోవాల్సిన వాళ్లే. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగింది, దాంతో ఇద్దరూ బ్రిటిష్ వాళ్లకి శత్రుదేశస్థులయ్యారు. మారియోని అహ్మద్‌నగర్ శిబిరానికి పంపి, ఆమెని అడయారు ఆవరణ దాటొద్దన్నారు. ఆగస్టు 31న ఆమె డెబ్భయ్యో పుట్టినరోజు, వైస్రాయ్ కానుకగా కొడుకుని వదిలిపెట్టారు. ఆ తర్వాత 1946 దాకా ఈ దేశంలోనే ఉన్నారు, అందులో రెండేళ్లు కొడైకెనాల్‌లో. ఆ పైన మళ్లీ వచ్చి వెళ్లింది కూడా. మొత్తం మీద వెయ్యి మందికి పైగా టీచర్లని తయారు చేసిందామె.

ఆమె పద్ధతి అనగానే అందరికీ గులాబీ రంగు చెక్కల గోపురం, గరుకు కాగితం అక్షరాలు గుర్తొస్తాయి. గరుకు అక్షరం మీద రెండు వేళ్లతో దిద్దడమంటే మన ఇసుకకి చుట్టమే. కానీ అక్షరాల కన్నా ముందు పిల్లలు చేసేది నీళ్లు ఒంపడం, బల్ల తుడవడం, బొత్తాలు పెట్టుకోవడం, చేతులు కడుక్కోవడం. చిన్న జగ్గు నుంచి గ్లాసులోకి నీళ్లు పోస్తున్న పిల్లని దగ్గర కూర్చుని చూడండి. నాలుక బయటపెట్టి, రెండు చేతులతో పట్టుకుని, సగం బల్ల మీద పోసి, స్పాంజి తెచ్చి అద్దుతుంది, పిండుతుంది, మళ్లీ మొదలుపెడుతుంది. ఆ పిండడంలోనే పెన్సిల్ పట్టుకోవడానికి కావాల్సిన బలమంతా వస్తుంది. అంటే ఆయమ్మ పని అని మనం పక్కన పెట్టిందే అక్కడ మొదటి పాఠం. నగరంలో మాంటిస్సోరీ పేరు పెట్టుకున్న స్కూళ్లు బోలెడు, బోర్డు మీద పేరుండి లోపల ఫోర్‌లైన్ నోట్లు నింపించేవి నేనే రెండు చూశాను.

ఇటు గుజరాత్, మహారాష్ట్రల్లో మాంటిస్సోరీ రాకముందే పని మొదలైంది. గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టారు. ఆయన దగ్గర పనిచేసిన తారాబాయి మోదక్ తర్వాత బోర్డీలో, కోస్‌బాడ్‌లో ఆదివాసీ పిల్లల మధ్యకి వెళ్లారు. ఖరీదైన చెక్క సామాను అక్కడెక్కడిది, గింజలు, గవ్వలు, ఆకులతోనే లాగించారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల వాకిట్లోకి పట్టుకెళ్లారు. ఆ బడులే బాల్వాడీలు. మన చెన్నైలో ఇప్పటికీ ఆటోవాళ్ల నుంచి అమ్మమ్మల దాకా అంగన్‌వాడీని 'బాల్వాడీ' అనే అంటారు. ఈ బాల్వాడీలకి ప్రభుత్వ డబ్బు అందించిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి 1953లో మొదటి అధ్యక్షురాలు మన దుర్గాబాయి, 1937లో ఇదే ఊళ్లో ఆంధ్ర మహిళా సభ మొదలుపెట్టిన దుర్గాబాయి. మా అమ్మమ్మ ఆమె పేరు చెప్పేటప్పుడు 'మన' అనకుండా ఎప్పుడూ చెప్పలేదు, నాకూ అదే అలవాటైపోయింది.

అసలు చీలిక 1970ల్లో గట్టిపడిందని నా లెక్క. 1972లో మీనా స్వామినాథన్ అధ్యక్షతన ఒక బృందం బడికి ముందు వయసు పిల్లల మీద నివేదిక ఇచ్చింది. తిండి, ఆరోగ్యం, చదువు మూడూ ఒకే చోట ఉండాలని దాని సారాంశం. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో ఐసీడీఎస్, అంటే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, మొదలైంది, అంగన్‌వాడీలు వచ్చాయి. కాగితం మీద ఆరు సేవలు, అందులో ఆటపాటల చదువు ఒకటి. ఆ ఆరూ చూసుకోవాల్సింది ఒక వర్కర్, ఒక హెల్పర్. బియ్యం లెక్క తప్పితే పైవాళ్లు అడుగుతారు, బరువు రిజిస్టర్ నింపకపోతే అడుగుతారు, ఇవాళ కథ చెప్పావా అని అడిగేవాళ్లెవరు? తమిళనాడులో 1980లో ప్రపంచ బ్యాంకు సాయంతో వచ్చిన పోషకాహార ప్రాజెక్టు అయితే మూడేళ్ల లోపు పిల్లల్ని నెలనెలా తూయడం మీదే నడిచింది. 1982 జూలై 1న ఎమ్జీఆర్ సత్తుణవు, అంటే పోషకాహార భోజన పథకం, మొదలైంది, రెండేళ్ల పిల్లల నుంచి పళ్లెంలో వేడి అన్నం. దాన్ని వేలెత్తి చూపే ధైర్యం నాకు లేదు, ఎందరు పిల్లలు దాని వల్ల నిలబడ్డారో ఈ ఊళ్లో తెలియనివాళ్లు లేరు. జనం మనసులో బాల్వాడీ అంటే అన్నం పెట్టే చోటు అని ముద్రపడిపోయింది, అంతే. కాస్త డబ్బున్నవాళ్లు, లేకపోయినా అప్పు చేసైనా సరే అనుకున్నవాళ్లు ఎల్‌కేజీ ఉన్న ఇంగ్లీషు స్కూలు వైపు నడిచారు. అక్కడ తిండి ఇంటి నుంచి డబ్బాలో వస్తుంది, స్కూలు అమ్మేది అక్షరం.

చట్టం కూడా ఈ వయసుని గుమ్మం బయటే నిలబెట్టింది. 2002 రాజ్యాంగ సవరణలో ఆరేళ్ల లోపు వాళ్ల సంరక్షణ, చదువు ప్రభుత్వం ప్రయత్నించాల్సిన విషయమైంది, హక్కు ఆరేళ్ల తర్వాతే. 2009 విద్యా హక్కు చట్టంలో కూడా మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి ఏర్పాట్లు చేయవచ్చు అనే మాటే ఉంది. 'వచ్చు' దగ్గర ఆగిపోయిన చోట ఎవరికి తోచింది వాళ్లు చేశారు. 2018 మేలో మద్రాస్ హైకోర్టు ఒకటి, రెండు తరగతులకి హోంవర్క్ వద్దని చెప్పాల్సి వచ్చిందంటే ఎల్‌కేజీ డైరీలు ఎలా ఉండేవో ఊహించుకోండి. పెద్దవాళ్ల మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి, మూడేళ్ల పిల్లకి వాటిలో చాలా వరకు ఇంకా మెత్తటి మృదులాస్థే. ఆ చేత్తో రోజుకి రెండు పేజీలు కర్సివ్ రాయిస్తాం, పైగా రాత బాగోలేదని ఎర్ర పెన్నుతో గీస్తాం.

2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకూ ఒకటే దశ అంది, 2022లో వచ్చిన పాఠ్య ప్రణాళిక చట్రం ఆటలు, మాటలు, ఇంటి భాష అని వివరంగా రాసింది. ఆ విధానాన్ని తమిళనాడు ఒప్పుకోలేదు, దాని గొడవ వేరే, ఇక్కడ వద్దు. అయితే ఇంటి భాష సంగతి ఏ ప్రభుత్వం చెప్పినా చెప్పకపోయినా ప్రీకేజీ గదిలో తేలాల్సిందే. చెన్నైలో తెలుగు పిల్ల ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, స్కూల్లో ఇంగ్లీషు మధ్య తిరుగుతుంది. దానికి ఆకలేసినప్పుడు, భయమేసినప్పుడు, ఒంటికి వచ్చినప్పుడు నోట్లోంచి వచ్చేది ఒకటే భాష.

ఇప్పుడు నేనున్న స్కూల్లో ఆ రూలు లేదు. పొద్దున్న పిల్ల ఏడుస్తుంటే తల్లిని వెనక నుంచి జారుకోనివ్వం, "అమ్మ వెళ్తోంది, అన్నం తిన్నాక వస్తుంది" అని పిల్ల కళ్లెదురుగా చెప్పించి పంపుతాం. ఏడుపు ఇంకాస్త ఎక్కువైతే అవుతుంది, కానీ రెండో వారానికి తగ్గుతుంది, జారుకున్న తల్లుల పిల్లలే నెలలకొద్దీ తలుపు వైపు చూస్తూ కూర్చుంటారు. బాత్రూమ్‌కి అడిగే పని లేదు, వెళ్లొచ్చు. డబ్బా మూత వాళ్లే తీస్తారు, పప్పన్నం ఒంటి మీద పోసుకుంటారు, పోసుకోనిస్తాం. నేనూ ఆయమ్మా ఇద్దరం పిల్లల పక్కనే నేల మీద కూర్చుని తింటాం. ఆమెకి ఇప్పుడు తెలుగులో పది మాటలొచ్చు, అందులో మొదటిది ఏదో చెప్పక్కర్లేదు. ఒకసారి పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి, షోళింగనల్లూరులో సాఫ్ట్‌వేర్, నోట్‌బుక్ తిరగేసి "మేడమ్, సగం ఖాళీగా ఉందేంటి, ఫీజు మాత్రం నిండుగా తీసుకున్నారు" అన్నాడు. నవ్వొచ్చింది గానీ ఆయన తప్పేం లేదు. ఒంపిన నీళ్లు నోట్‌బుక్‌లో కనిపించవు కదా.

ఈ జూన్‌లో మా స్కూల్లో టీచర్లకి రెండు రోజుల ట్రైనింగ్ పెట్టారు. ఆయమ్మల్ని కూడా కూర్చోబెట్టమని అడిగాను. మేనేజ్‌మెంట్ వాళ్లు మంచి ఐడియా అన్నారు, సరే అన్నారు, కాసేపాగి, "మరి ఆ రెండు రోజులూ టీ ఎవరు పెడతారు?" అన్నారు.