పాట ఎవరిది, డబ్బు ఎవరికి: బ్లూస్ కవర్ల వెనుక వందేళ్ల కథ

1971లో బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెప్లిన్ ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ అనే పాట విడుదల చేసింది. డ్రమ్స్ దద్దరిల్లే ఆ ఏడు నిమిషాల పాట తెలియని రాక్ అభిమాని ఉండడు. దాని అసలు రూపం మాత్రం 1929 నాటిది. 1927లో మిసిసిపీ నదికి వచ్చిన మహా వరద కరకట్టలు తెంచుకుని లక్షల మందిని నిలువనీడ లేకుండా చేసింది. గట్లు నిలబెట్టడానికి నల్లజాతి కూలీలను తుపాకుల కాపలా మధ్య పనిలో పెట్టారు. బ్లూస్ గాయని మెంఫిస్ మిన్నీ, ఆమె భర్త కాన్సాస్ జో మెకాయ్ ఆ వరద మీద కట్టిన పాట ఇది. బ్లూస్ అంటే అమెరికా దక్షిణాది నల్లజాతి జనంలో పుట్టిన పాటల బాణీ. రెండు గిటార్లు, ఒక గొంతు, అంతే. పాడింది జో.

లెడ్ జెప్లిన్ తమ నలుగురి పేర్ల పక్కన మిన్నీ పేరు కూడా రచయితగా వేసింది. అప్పటికి ఆమె పక్షవాతంతో మంచం పట్టి, మెంఫిస్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో ఉన్నారు. 1973 ఆగస్టులో చనిపోయారు. మిసిసిపీలోని వాల్స్ అనే ఊళ్లో పాతిపెట్టారు. సమాధి మీద రాయి లేదు. 23 ఏళ్ల తర్వాత, 1996లో, గాయని బానీ రైట్ డబ్బు ఇస్తే అక్కడ రాయి పడింది.

తొలితరం బ్లూస్ కళాకారులకు నివాళిగా కవర్ పాటలు (ఒకరి పాటను మరొకరు మళ్లీ పాడి రికార్డు చేసేవి), ట్రిబ్యూట్ ఆల్బమ్‌లు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. వచ్చినప్పుడల్లా అదే చర్చ మళ్లీ లేస్తుంది: ఇది గౌరవమా, దోపిడీయా? ఒక్క మాటలో తేల్చే విషయం కాదిది. ఒక్కో పాటకూ రెండు సంగతులు విడివిడిగా చూడాలి. రికార్డు మీది చీటీపై రచయితగా ఎవరి పేరు పడింది? డబ్బు ఎవరి చేతికి వెళ్లింది? చాలాసార్లు ఈ రెండూ ఒక మనిషి దగ్గర కలవలేదు.

బ్లూస్ రికార్డుల వ్యాపారం 1920 ఆగస్టులో న్యూయార్క్‌లో మేమీ స్మిత్ పాడిన ‘క్రేజీ బ్లూస్’తో ఊపందుకుంది. నల్లజాతి వాళ్లు రికార్డులు కొంటారని కంపెనీలకు అప్పుడు అర్థమైంది. ‘రేస్ రికార్డ్స్’ పేరుతో వేరే వరుస పెట్టి అమ్మారు. పారమౌంట్ అనే రికార్డుల సంస్థ విస్కాన్సిన్‌లో కుర్చీలు చేసే ఒక ఫర్నిచర్ కంపెనీది. గ్రామఫోన్ పెట్టెలు చేస్తూ, వాటితో పాటు రికార్డులు కూడా అమ్ముకుందామని దిగిన వ్యాపారం. మిసిసిపీలోని జాక్సన్‌లో సంగీత పరికరాల దుకాణం నడిపే హెచ్.సి. స్పియర్ లాంటి వాళ్లు ఊళ్లలో మంచి గొంతులు వెతికి ఈ కంపెనీలకు పంపేవాళ్లు. పాడినవాళ్లకు పాటకు ఇంత అని ఒకేసారి చేతిలో పెట్టేవారు. పాట మీద హక్కు కంపెనీకో, మధ్యవర్తికో, పాటల హక్కులు చూసే పబ్లిషర్‌కో పోయేది.

అక్కడే అసలు చిక్కు. 1909 నాటి అమెరికా కాపీరైట్ చట్టం ప్రకారం ఒకసారి రికార్డయిన పాటను ఎవరైనా మళ్లీ పాడి రికార్డు చేసుకోవచ్చు. ఒక్కో కాపీకి 2 సెంట్లు పాట హక్కుదారుకు కడితే చాలు, అనుమతి అడగక్కర్లేదు. 1978 దాకా ఆ రేటే నడిచింది. ఆ డబ్బు పాట హక్కు ఎవరి పేరున ఉంటే వాళ్లకే. ముందు పాడినవాళ్లకు, ఆ గిటార్ బాణీ కనిపెట్టినవాళ్లకు పైసా రాదు. హక్కు కాగితం మీద సంతకం చేసి ఇచ్చేసినవాడి పాట కోటి కాపీలు అమ్ముడైనా అతనికి ఒరిగేదేమీ లేదు.

మరో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే కథ ఒకవైపే అవుతుంది. ఆ కళాకారులు ఒకరి నుంచి ఒకరు ధారాళంగా తీసుకున్నారు. రాబర్ట్ జాన్సన్ ‘32-20 బ్లూస్’కు మూలం స్కిప్ జేమ్స్ ‘22-20 బ్లూస్’. ‘స్వీట్ హోమ్ షికాగో’కు కొకోమో ఆర్నాల్డ్ పాట ఆధారం. మన జానపదుల్లో లాగానే ఒకరి చరణం ఇంకొకరి నోట్లో కొత్త మలుపు తిరిగేది. దాన్ని ఎవరూ దొంగతనం అనుకోలేదు. ఎందుకంటే ఆ ఇచ్చిపుచ్చుకోవడాల్లో అందరిదీ ఒకే స్థితి. అదే పాటను సముద్రం అవతల పెద్ద కంపెనీ తీసుకున్నప్పుడు రెండు పక్షాల బలం సమానం కాదు. తేడా అంతా అక్కడే ఉంది.

రాబర్ట్ జాన్సన్ 1936 నవంబరులో శాన్ ఆంటోనియోలో, 1937 జూన్‌లో డాలస్‌లో మొత్తం 29 పాటలు రికార్డు చేశారు. 1938 ఆగస్టులో 27 ఏళ్లకే చనిపోయారు. ఆ డిసెంబరులో న్యూయార్క్ కార్నెగీ హాల్లో కచేరీ పెట్టిన రికార్డు నిర్మాత జాన్ హామండ్ ఆయన్ని పిలిపిద్దామని వెతికిస్తే తెలిసింది చావు కబురు. చేసేదేమీ లేక ఆయన రికార్డులనే వేదిక మీద వినిపించారు. 1961లో కొలంబియా రికార్డు కంపెనీ ఆయన పాటల్లో కొన్నిటిని ఒక ఎల్పీగా (పెద్ద రికార్డుగా) తెచ్చింది. అది అట్లాంటిక్ దాటి లండన్ కుర్రాళ్ల చేతుల్లో పడింది.

బ్రిటన్‌లో నేల అప్పటికే సిద్ధంగా ఉంది. లెడ్ బెల్లీ పాడిన ‘రాక్ ఐలాండ్ లైన్’ను లానీ డానెగన్ 1956లో హిట్ చేశాక ఇంటింటికీ ఒక గిటార్ వచ్చింది. 1958లో షికాగో బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ స్వయంగా ఇంగ్లండ్ వెళ్లి పాడారు. ఆయన 1950 నాటి పాట పేరునే రోలింగ్ స్టోన్స్ తమ పేరుగా పెట్టుకున్నారు. 1964 చివర్లో వాళ్లు పాడిన ‘లిటిల్ రెడ్ రూస్టర్’ బ్రిటిష్ చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్లింది. మరుసటి ఏడాది అమెరికా టీవీ కార్యక్రమం ‘షిండిగ్’లో తాము పాడాలంటే, ఆ పాటను ముందు పాడిన బ్లూస్ గాయకుడు హౌలిన్ వోల్ఫ్ కూడా పాడాలని పట్టుబట్టారు. ఆ భారీ మనిషి కెమెరా ముందు పాడుతుంటే స్టోన్స్ కుర్రాళ్లు పక్కన కూర్చుని విన్నారు. నా దృష్టిలో వాళ్లు చేసిన ఏ కవర్ కన్నా ఇదే పెద్ద నివాళి.

అదే కాలంలో అమెరికాలో కొందరు యువకులు పాత రికార్డుల మీది పేర్లు పట్టుకుని మనుషుల కోసం బయల్దేరారు. మిసిసిపీ జాన్ హర్ట్ 1928లో పాడిన ఒక పాటలో తన సొంతూరు ఆవలాన్ అని చెప్పుకున్నారు. టామ్ హాస్కిన్స్ ఆ ఊరిని పాత పటంలో వెతికి పట్టుకుని 1963లో అక్కడికి వెళ్లాడు. హర్ట్ అక్కడే ఉన్నారు, పొలం పనులు చేసుకుంటూ. సొంత గిటార్ కూడా లేదు. అదే ఏడాది న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో పాడారు. సన్ హౌస్ 1964లో రోచెస్టర్‌లో దొరికారు. ఏళ్ల తరబడి గిటార్ ముట్టని ఆయనకు, ఆయన పాటలే మళ్లీ నేర్పింది అల్ విల్సన్ అనే ఇరవై ఏళ్ల తెల్ల కుర్రాడు. రికార్డులు విని నేర్చుకున్నది తిరిగి గురువుకే అప్పజెప్పాడు.

స్కిప్ జేమ్స్ అదే 1964లో ట్యూనికా ఆసుపత్రిలో కనిపించారు. 1931లో పారమౌంట్‌కు పాడిన ఆయన రికార్డులు ఆర్థిక మాంద్యంలో కొనేవాళ్లు లేక మూలన పడ్డాయి. బ్రిటిష్ రాక్ బృందం క్రీమ్ 1966లో ఆయన ‘ఐయామ్ సో గ్లాడ్’ పాడి, ఆయన పేరు వేసింది. క్యాన్సర్‌తో పోరాడుతున్న ఆయనకు ఆ రాయల్టీ అక్కరకొచ్చింది. పేరూ డబ్బూ ఒకే మనిషికి, అదీ బతికుండగా చేరిన అరుదైన సందర్భం ఇది.

మిగతా చోట్ల అంత బాగా జరగలేదు. రెవరెండ్ రాబర్ట్ విల్కిన్స్ పాట ‘ప్రాడిగల్ సన్’ 1968లో స్టోన్స్ ఆల్బమ్‌లో వచ్చినప్పుడు తొలి ముద్రణల్లో రచయితలుగా ఆ బృందంలోని జాగర్, రిచర్డ్స్ పేర్లే ఉన్నాయి. 1969లో స్టోన్స్ పాడిన రాబర్ట్ జాన్సన్ పాట ‘లవ్ ఇన్ వెయిన్’ మీద ఆయన పేరు లేదు. అదే ఏడాది లెడ్ జెప్లిన్ ‘హోల్ లాట్టా లవ్’లో షికాగో బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ రాసిన మాటలు దొర్లాయి. 1985లో డిక్సన్ కోర్టుకెక్కితే రెండేళ్లకు రాజీ కుదిరింది. ఆ తర్వాత ఆ పాట మీద ఆయన పేరు చేరింది. కళాకారుల రాయల్టీ హక్కుల కోసం డిక్సన్ పెట్టిన బ్లూస్ హెవెన్ ఫౌండేషన్ ఇప్పుడు షికాగోలో పాత చెస్ రికార్డ్స్ భవనంలోనే ఉంది.

పేరుండి డబ్బు రాని కథ ఆర్థర్ క్రూడప్‌ది. 1954లో ఎల్విస్ ప్రెస్లీ తొలి రికార్డు ‘దట్స్ ఆల్ రైట్’ ఆయన పాటే. సన్ కంపెనీ లేబుల్ మీద క్రూడప్ పేరు స్పష్టంగా ఉంది. కానీ హక్కులు మేనేజర్ లెస్టర్ మెల్రోజ్ చేతి మీదుగా ఎప్పుడో చేయి దాటిపోయాయి. ప్రపంచం ఎల్విస్ వెంట పరిగెడుతుంటే క్రూడప్ వర్జీనియాలో పొలం కూలీలతో పనిచేసుకుంటున్నారు. 1971లో ఆయన అప్పటి మేనేజర్ డిక్ వాటర్‌మన్ పట్టుబట్టి 60,000 డాలర్లకు ఒప్పందం కుదిర్చారు. క్రూడప్ తన పిల్లలతో న్యూయార్క్ వెళ్లి కాగితాల మీద సంతకాలు పెట్టారు. అవతలి సంతకం కోసం కాగితాలు లోపలికి వెళ్లాయి. కాసేపటికి లాయర్ వట్టి చేతులతో తిరిగొచ్చాడు: పబ్లిషింగ్ కంపెనీ సంతకం పెట్టనంది. క్రూడప్ 1974లో చనిపోయారు. డబ్బు ఆ తర్వాత వారసులకు అందింది. ఎన్నిసార్లు చదివినా ఆ న్యూయార్క్ ఆఫీసు ఘట్టం నాకు మింగుడుపడదు.

రాబర్ట్ జాన్సన్ పాటల లెక్క తేలడానికి 2000 దాకా పట్టింది. 1990లో వచ్చిన ఆయన పూర్తి రికార్డింగుల సెట్ పది లక్షలకు పైగా అమ్ముడై గ్రామీ గెలుచుకుంది. ఆ వారసత్వం తనదని క్రిస్టల్ స్ప్రింగ్స్‌లో కంకర లారీ నడిపిన క్లాడ్ జాన్సన్ కోర్టుకు వెళ్లారు. తల్లి తరఫు తాతఅమ్మమ్మలకు బ్లూస్ అంటే సైతాను సంగీతం. తండ్రి చూడటానికి వస్తే ఆయన వాకిట్లో, పిల్లవాడు గుమ్మంలో, అంత దూరంలోనే నిలబడాల్సి వచ్చిందని క్లాడ్ చెప్పుకున్నారు. మిసిసిపీ సుప్రీంకోర్టు 2000లో ఆయన్నే వారసుడిగా ఖాయం చేసింది. అదే ఏడాది మరో కేసులో, రెండు జాన్సన్ పాటల స్టోన్స్ రూపాల మీద హక్కులున్న కంపెనీ, జాన్సన్ అసలు పాటలు ఎప్పుడో పబ్లిక్ డొమైన్‌లోకి (ఎవరి హక్కూ లేకుండా అందరికీ) వెళ్లాయని వాదించింది. 1930ల్లో రికార్డు అమ్మినంత మాత్రాన పాట ప్రచురించినట్టు కాదని ఫెడరల్ అప్పీలు కోర్టు తోసిపుచ్చింది.

ట్రిబ్యూట్ ఆల్బమ్‌లలో ఈ గొడవ తక్కువ, పేరు అట్ట మీదే ఉంటుంది కాబట్టి. 2001లో జాన్ హర్ట్ పాటలతో ఒకటి, 2004లో జాన్సన్ పాటలతో ఎరిక్ క్లాప్టన్‌ది ఒకటి వచ్చాయి. అయితే గౌరవం ఎక్కువై అచ్చు దింపినట్టు పాడితే ప్రాణం పోతుంది. 1993లో కాసాండ్రా విల్సన్ జాన్సన్ పాటల్ని నిదానంగా, దాదాపు గుసగుసగా పాడారు. అసలు పాటలోని భయాన్ని అంత దగ్గరగా పట్టుకున్న కవర్ నేను మరొకటి వినలేదు. 2016లో బ్లైండ్ విల్లీ జాన్సన్ పాటల ఆల్బమ్‌లో టామ్ వెయిట్స్ లాంటి వాళ్లు పాడారు. 1945లో పేదరికంలో పోయిన ఈ విల్లీ జాన్సన్ మూలుగు, 1927 నాటి రికార్డు నుంచి, 1977లో వాయేజర్ నౌకల బంగారు డిస్కు మీద అంతరిక్షానికి వెళ్లింది. అదే డిస్కులో హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ గానం ఉంది, 55 భాషల పలకరింపుల్లో మన తెలుగు నమస్తే కూడా ఉంది.

2018లో అమెరికా తెచ్చిన చట్టంతో పాత రికార్డింగులు ఏటా జనవరి 1న పబ్లిక్ డొమైన్‌లోకి వస్తున్నాయి. ‘క్రేజీ బ్లూస్’ 2022లో వచ్చేసింది. 1923 నుంచి 1946 దాకా విడుదలైన వాటికి వందేళ్ల గడువు. అంటే 1920లు, 30ల నాటి ఈ రికార్డింగులను మరో ఇరవై ఏళ్లలోపే అమెరికాలో ఎవరైనా వాడుకోవచ్చు, రికార్డింగుకు పైసా కట్టక్కర్లేదు. పాట రచన మీది హక్కు గడువు మాత్రం వేరే. ఆ హక్కూ తీరాక మిగిలేది పేరు ఒక్కటే. స్ట్రీమింగ్ యాప్‌లో ఒక కవర్ పాట వివరాలు తెరిస్తే రచయిత, నిర్మాత, వాయించినవాళ్లు కనిపిస్తారు. ఆ పాటను ముందు ఎవరు పాడారో చెప్పే లైను సాధారణంగా ఉండదు. ఆ లైను వేయమని ఏ చట్టమూ అడగదు, వేస్తే అడ్డుకునే చట్టమూ లేదు. వేయాల్సింది కవర్ పాడేవాళ్లే.