‘కదలకు’ అన్న వైద్యమే ‘కదులు’ అనేదాకా

హైదరాబాద్‌లో కాస్త పెద్ద ఫిజియోథెరపీ కేంద్రానికి సాయంత్రం పూట వెళితే, గోడకు బిగించిన స్టీలు కడ్డీ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడానికి తంటాలు పడే ఇద్దరు పక్కపక్కనే కనిపించడం అరుదేమీ కాదు. ఒకరు మోకాలి లిగమెంటు తెగి ఆపరేషన్ చేయించుకున్న పదహారేళ్ల షటిల్ క్రీడాకారిణి, మరొకరు స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగిన డెబ్బయ్యేళ్ల పెద్దావిడ. అమ్మాయి కడ్డీని వేలికొసతో తాకుతూ ఇరవై దాకా లెక్కపెడుతుంది. పెద్దావిడ రెండు చేతులతో కడ్డీని గట్టిగా పట్టుకుని, మడమను అంగుళం మేర ఎత్తి, మూడు లెక్క పూర్తి కాకుండానే దించేస్తుంది. మనవరాలి వయసు పిల్లకూ అమ్మమ్మ వయసు మనిషికీ ఒకే వ్యాయామం ఎలా వచ్చిందో తెలియాలంటే, చాలాకాలం ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా సాగిన మూడు రకాల పరిశోధనలను గమనించాలి. గాయం కాకుండా చూడడం ఒకటి, అయిన గాయాన్ని మాన్పడం రెండోది, గాయపడిన మనిషి మనసులో జరిగేది తెలుసుకోవడం మూడోది.

మొదటిదానికి పెద్ద అడ్డంకి విధి మీద నమ్మకం. దెబ్బ తగిలినా ప్రాణం దక్కితే ‘గండం గడిచింది’ అనుకుని ఊరుకోవడం మన దగ్గరే ఉన్న అలవాటు కాదు. పాశ్చాత్య వైద్యులు కూడా ప్రమాదాన్ని దురదృష్టం ఖాతాలోనో నిర్లక్ష్యం ఖాతాలోనో వేసి, విరిగినదాన్ని అతకడం వరకే తమ పని అనుకున్నారు. 1917లో హ్యూ డీహేవన్ అనే యువకుడు పైలట్ శిక్షణలో ఉండగా రెండు విమానాలు గాలిలోనే ఢీకొన్నాయి. ఆ ప్రమాదం నుంచి బతికి బయటపడిన అతను, తన కడుపులోని గాయాలకు సీటు బెల్టు బకిల్ ఆకారమే కారణమని గ్రహించాడు. పాతికేళ్ల తర్వాత, 1942లో, 50 నుంచి 150 అడుగుల ఎత్తు నుంచి పడి కూడా బతికినవారి ఉదంతాలను విశ్లేషించి, ప్రాణం తీసేది పడడం ఒక్కటే కాదని, ఆ వేగం ఎంత దూరంలో ఆగిందో, ఆ బలం శరీరంలో ఎంత భాగం మీద పడిందో దాన్నిబట్టే చావుబతుకులు తేలుతాయని చూపాడు. ఈలోగా బ్రిటన్‌లో నాడీ శస్త్రవైద్యుడు హ్యూ కెయిర్న్స్, 1935లో మోటార్‌సైకిల్ ప్రమాదానికి గురైన, ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరొందిన టి.ఇ. లారెన్స్‌కు వైద్యం చేసి బతికించలేకపోయాక, సైనిక మోటార్‌సైకిల్ చోదకుల తలగాయాలను పరిశీలించి 1941లో హెల్మెట్ ప్రయోజనం మీద వ్యాసం ప్రచురించాడు. హెల్మెట్ మరణాన్ని సుమారు 42 శాతం, తలగాయాన్ని 69 శాతం తగ్గిస్తుందని తర్వాతి కాలపు అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన సమీక్ష తేల్చింది.

1960ల చివర, 70ల మొదట్లో అమెరికా వైద్యుడు విలియం హాడన్ ఈ ఆలోచనలకు ఒక చట్రం కట్టాడు. మలేరియాకు క్రిమి ఉన్నట్టే గాయానికి శరీరం మీద పడే ‘శక్తి’ మూలమని, ప్రమాదానికి ముందు, ఆ క్షణంలో, ఆ తర్వాత అనే మూడు దశల్లోనూ మనిషి, వాహనం, పరిసరం అనే మూడింటి మీద పని చేయవచ్చని ఆయన వాదించాడు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ సేవను ఆ చట్రంలో మూడో దశకు మన నగరం ఇచ్చిన జవాబుగా చూడవచ్చు.

అయితే పైలట్లు, సైనికులు, మోటార్‌సైకిల్ చోదకులు, వీరంతా వయసులో ఉన్న మగవాళ్లు. ఇంట్లో నేల మీద జారిపడే ముసలివాళ్లు ఈ పరిశోధనలో లేనే లేరు. పెద్దవయసులో పడడం మామూలే అనుకున్నారు. 1988లో అమెరికా వైద్యురాలు మేరీ టినెటి బృందం 75 ఏళ్లు దాటి సొంత ఇళ్లలో ఉంటున్న 336 మందిని ఏడాదిపాటు గమనించి, దాదాపు మూడోవంతు మంది కనీసం ఒకసారి పడ్డారని లెక్క తేల్చాక గానీ అది పరిశోధించదగ్గ విషయంగా వైద్యలోకానికి గట్టిగా తోచలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం పడిపోవడం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు.

రెండోది, గాయాన్ని మాన్పే విద్య, శతాబ్దాలపాటు కట్టు చుట్టూ, మంచం చుట్టూ తిరిగింది. 1850ల మొదట్లో నెదర్లాండ్స్ సైనిక వైద్యుడు మథైసెన్ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూసిన గుడ్డపట్టీలను ప్రవేశపెట్టాడు. మనకు పుత్తూరు కట్టు ఉండనే ఉంది, దాని పేరుతో బోర్డులు హైదరాబాద్ వీధుల్లోనూ కనిపిస్తాయి. ఆ కట్టును మూఢనమ్మకమని కొట్టిపారేయడం తొందరపాటు. వెదురుబద్దలతో ఎముకను కదలకుండా పట్టి ఉంచాలన్న సూత్రం ప్లాస్టర్‌దీ అదే. ప్రమాదం సూత్రంలో లేదు, బిగింపులో ఉంది. బిగుతు కట్టు కింద రక్తప్రసరణ ఆగి కండరం చచ్చుబడి చెయ్యి వంకరపోతుందని జర్మన్ వైద్యుడు ఫోక్‌మన్ 1881లోనే వివరించాడు. కట్టు ఎవరు కట్టినా వేళ్లు నీలిరంగుకు తిరిగితే వెంటనే విప్పాలన్న నియమం అక్కడిదే.

మంచానికి వ్యతిరేకంగా తిరుగుబాటు 1947లో వచ్చింది. లండన్ వైద్యుడు రిచర్డ్ ఆషర్, పడుకోబెట్టడమే రోగికి చేసే హాని కావచ్చని రాసి, కండరాలు కరగడం నుంచి రక్తం గడ్డకట్టడం దాకా ఒక్కో అవయవానికి జరిగే నష్టాన్ని వరుసపెట్టాడు. అయినా మన ఇళ్లలో ‘బెడ్ రెస్ట్’ అన్న మాటకు ఇప్పటికీ మందుచీటీతో సమానమైన విలువ ఉంది. ఐస్ పెట్టి, విశ్రాంతినిచ్చి, కట్టు కట్టి, కాలు ఎత్తి ఉంచమనే నాలుగు మాటల సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్, దశాబ్దాల తర్వాత, ఐస్, పూర్తి విశ్రాంతి మానడాన్ని ఆలస్యం చేయవచ్చని తానే ఒప్పుకున్నాడు. తన సూత్రాన్ని తానే సవరించుకునే వైద్యులు ఎక్కువమంది కనిపించరు.

హైదరాబాద్‌కు ఈ చరిత్రలో సొంత పుట ఒకటుంది. పంజాగుట్టలోని నిమ్స్, 1960లలో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా మొదలైనదే. క్షిపణుల కోసం తయారుచేసిన తేలికపాటి కార్బన్ పదార్థంతో, పోలియో సోకిన పిల్లలు కాళ్లకు ఊతంగా కట్టుకుని మోసే మూడు కిలోల పైబడ్డ కాలిపర్ల స్థానంలో 300 గ్రాముల కాలిపర్లను రూపొందించిన సంగతిని అబ్దుల్ కలాం పలుమార్లు చెప్పేవారు. ఆ పని నిమ్స్ ఎముకల వైద్యులతో కలిసి జరిగింది. కోలుకోవడమంటే బరువు దించడం కూడానని అక్కడ అక్షరాలా రుజువైంది.

ఆటల సంగతి వేరు. హైదరాబాదీ కోచ్ ఎస్.ఎ. రహీం తీర్చిదిద్దిన భారత ఫుట్‌బాల్ జట్టు 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచినప్పుడు, తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన ముందువరుసలో ఆడించారు, అతను గోల్స్ కూడా కొట్టాడు. మనం దాన్ని వీరగాథగానే చెప్పుకుంటాం, అందులో తప్పేమీ లేదు. కానీ నేటి నియమాల ప్రకారం తలకు అంత దెబ్బ తగిలిన ఆటగాణ్ని వైద్యులు చూసి అనుమతిస్తే తప్ప మైదానంలోకి పంపరు. గాయాల లెక్క తీయి, కారణం వెతుకు, ఉపాయం పెట్టు, మళ్లీ లెక్క తీయి అనే క్రమాన్ని 1992లో వాన్ మెకెలెన్ బృందం ప్రతిపాదించింది. ఆ దారిలోనే వచ్చిన ‘ఫిఫా 11 ప్లస్’ అనే ఇరవై నిమిషాల సన్నాహక వ్యాయామాలను నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఫుట్‌బాల్ బాలికలతో చేయించి చూస్తే, 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం మొత్తం గాయాలు దాదాపు మూడోవంతు తగ్గాయి. అందులో ఒంటికాలి మీద నిలబడడం ఒక అంశం. 1990లలో న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వృద్ధుల కోసం రూపొందించి, పడిపోవడాన్ని సుమారు 35 శాతం తగ్గించిన ఇంటి వ్యాయామాల్లోనూ అదే ఉంది. షటిల్ అమ్మాయీ పెద్దావిడా ఒకే కడ్డీ దగ్గర కలిసింది ఇలాగే.

చిన్నపిల్లల విషయంలో జ్ఞానం పాతదే, ఆచరణే వెనకబడింది. ఎముక చివర పెరిగే పొర పెద్దల ఎముకకంటే బలహీనమని, మోకాలి కింద బొడిపెలా వచ్చే నొప్పి ఆ పెరుగుదల మీద ఒత్తిడి వల్లేనని 1903లోనే ఆస్‌గుడ్, ష్లాటర్ వేర్వేరుగా రాశారు. నూరేళ్లు దాటినా దాన్ని ‘ఎదిగే వయసు నొప్పులు’ అని తేల్చేసి మర్నాడు పొద్దున్నే ప్రాక్టీసుకు దింపే తల్లిదండ్రులున్నారు.

మనసు అన్నిటికంటే చివర వచ్చింది. 1866లో రైలు ప్రమాదాల బాధితుల్లో కనిపించిన వణుకు, నిద్రలేమి వెన్నుపాము కుదుపు వల్ల వచ్చాయని జాన్ ఎరిక్సన్ భావించాడు. 1915లో చార్లెస్ మయర్స్ సైనికుల ‘షెల్ షాక్’ గురించి, అంటే యుద్ధంలో పేలుళ్ల మధ్య మనసు దెబ్బతినడం గురించి రాశాడు. 1980లో గానీ అమెరికా మానసిక వైద్యుల సంఘం ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మతకు అధికారికంగా పేరు పెట్టలేదు. గాయపడ్డవారిలో ఎక్కువమందిని పట్టుకునేది మాత్రం అంత పెద్ద పేరున్న జబ్బు కాదు, మామూలు భయం. 1982లో వృద్ధుల్లో పడిపోతామనే భయానికి, 1990లో నొప్పి ఉన్నవారిలో కదలడమంటే కలిగే భయానికి వైద్యులు విడివిడిగా పేర్లు పెట్టారు. 1988లో అండర్సన్, విలియమ్స్ ఒత్తిడి వల్ల చూపు కుంచించుకుపోయి, కండరాలు బిగుసుకుపోయి, గాయపడే అవకాశమే పెరుగుతుందని ప్రతిపాదించారు. అంటే మనసు గాయానికి ఫలితమే కాదు, కారణం కూడా. మోకాలి లిగమెంటు శస్త్రచికిత్స అయినవారిలో 81 శాతం ఏదో ఒక ఆటకు తిరిగి వచ్చినా, పోటీల స్థాయికి చేరినవారు 55 శాతమేనని 2014 సమీక్ష ఒకటి చెప్పింది. అతికిన మోకాలిని మనసు నమ్మకపోవడం అందుకు ఒక ముఖ్య కారణమని ఆ పరిశోధకులు భావిస్తారు. 1994 పుణే జాతీయ క్రీడల్లో మోకాలు దెబ్బతిని, పలుమార్లు శస్త్రచికిత్సలు చేయించుకుని, 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచిన పుల్లెల గోపీచంద్ ఆ 55 శాతంలోకి వచ్చే మనిషి. ఆయన కథ చెప్పేటప్పుడు శస్త్రచికిత్సల గురించి మాట్లాడినంతగా ఆ నమ్మకం తిరిగి ఎలా వచ్చిందన్నది మనం అడగం.

పెద్దవారి భయాన్ని కొలిచే తొలి ప్రశ్నావళి 1990లో టినెటి బృందానిదే. స్నానం చేయడం, బీరువాలో వస్తువు అందుకోవడం, తలుపు తీయడం వంటి పది పనులను పడిపోకుండా చేయగలమన్న ధైర్యం ఎంత ఉందని అది అడుగుతుంది. అది అమెరికా ఇళ్లకు సరిపడే జాబితా. నేల మీద బాసింపట్టు వేసుకుని భోజనం చేయడం, పీట మీంచి లేవడం, నమాజులో సజ్దాకు వంగి లేవడం అందులో లేవు. మన ఇళ్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. ‘మీరు కూర్చోండత్తమ్మా, నేను తెస్తాను’ అనే కోడలి ప్రేమ కింద భయం కనిపించకుండా దాక్కుంటుంది. ఏడాది తర్వాత చూస్తే లేవాల్సిన అవసరమే రాని మనిషి, లేవలేని మనిషిగా మారి ఉంటుంది.

ఆ పెద్దావిడకు ఫిజియోథెరపిస్టు ఇచ్చిన కాగితంలో అచ్చువేసిన వ్యాయామాల కింద పెన్నుతో రాసిన ఒక వరుస ఉంది: ‘దేవుడి గదిలో పీట మీద కూర్చుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, రోజుకు రెండుసార్లు లేవాలి.’