ఎర్రనీరు, ఇనుము, సముద్రపు పచ్చదనం: కొన్ని అపోహలు - వాస్తవాలు

గోదావరి పాయ గౌతమి సముద్రంలో కలిసే మొగలో నీటి శాంపిళ్లు తీసి, అందులోని ఆల్గేని (నీటిలో తేలే, మొక్కల్లా ఎండతో బతికే సూక్ష్మజీవుల్ని) మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టడం నా పని. ఈమధ్య భైరవపాలెంలో మా పడవ సరంగు బాబాయ్ ఫోన్‌లో ఒక వీడియో చూపించి, "సముద్రంలో ఇనుము చల్లితే చేపలు తెగ పెరుగుతాయంట కదమ్మా, మనమూ చల్లితే పోలా?" అని అడిగారు. వేట తగ్గిపోయిన మనిషి అడిగిన మాట. తేలిగ్గా తీసేయలేకపోయాను.

అపోహ: ఎర్రనీరు (నది మోసుకొచ్చే వరద నీరు) వచ్చిందంటే సముద్రానికి కావలసినంత ఇనుము అందినట్టే.

వాస్తవం: ఆ ఎరుపు ఇనుముదే. కానీ దాదాపు అంతా మట్టి రేణువులకు పట్టిన తుప్పు. ఆల్గేకి ప్రధానంగా పనికొచ్చేది కరిగిన ఇనుము. ఆ కరిగిన కాస్తలో కూడా చాలా భాగం ఉప్పునీరు తగలగానే పాలు విరిగినట్టు విరిగి, ముద్దకట్టి అడుక్కి దిగిపోతుంది. చాలా నదుల మొగల్లో ఇలా పోయేది 90 శాతం దాకా ఉంటుంది.

గాలి తగిలినా కరిగిన ఇనుము ఇలాగే అడుక్కి దిగుతుంది. రొయ్యల చెరువుల రైతులు దీన్ని రోజూ చూస్తూనే ఉంటారు. బోరు నీళ్లు బకెట్లో పట్టగానే తేటగా ఉంటాయి. కాసేపాగి చూస్తే పైన తళతళలాడే పొర, అడుగున కాషాయం రంగు మడ్డి. భూమిలో గాలి తగలక కరిగి ఉన్న ఇనుము, గాలి తగిలి తుప్పయింది. సముద్రపు పైనీళ్లకు ఎప్పుడూ గాలి తగులుతూనే ఉంటుంది కాబట్టి, నడిసముద్రంలో లీటరు నీటికి దొరికే కరిగిన ఇనుము కొన్ని నానోగ్రాములు, మహా అయితే కొన్ని పదులు.

అడుక్కి దిగిన ఇనుము వృథా అయిపోదు. బురదలో ఆక్సిజన్ అయిపోయాక తుప్పు మళ్లీ కరుగుతుంది. కోరింగ మడల్లో కాలు దిగబడితే అంటుకునే నల్ల బురద చూశారా? ఆ నలుపు చాలావరకు గంధకంతో కలిసిన ఇనుమే.

అపోహ: అడుగునున్న చల్లనీరు పైకి లేస్తే చాలు, ఆల్గే దానంతటదే పెరుగుతుంది.

వాస్తవం: తీరం వెంట వీచే గాలి పైనీళ్లను నడిసముద్రం వైపు నెడితే, కింది నీళ్లు నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్ లాంటి పోషకాలను మోసుకుని పైకి వస్తాయి. కానీ ఎండను పట్టాలన్నా, నైట్రేట్‌ని అరిగించుకోవాలన్నా ఆల్గే కణానికి ఇనుము కావాలి. కాలిఫోర్నియా తీరంలో ఇది స్పష్టంగా తెలిసింది. లోతు తక్కువగా, బురద విశాలంగా పరుచుకున్న చోట నీళ్లు పైకి లేస్తూ ఆ బురదలోని ఇనుమునూ తెస్తాయి. అక్కడ పెద్ద డయాటమ్‌లు (సిలికాతో గాజు లాంటి డొప్ప కట్టుకునే ఆల్గే) దట్టంగా లేస్తాయి. అదే తీరంలోని బిగ్ సర్ లాంటి చోట తీరం దాటగానే నీళ్లు బాగా లోతు. బురద తక్కువ. నైట్రేట్ వాడేవాళ్లు లేక మిగిలిపోతుంది, చిన్న కణాలే నెట్టుకొస్తాయి. అక్కడి డయాటమ్‌లు నైట్రేట్‌తో పోలిస్తే సిలికా ఎక్కువ తీసుకుని, మందమైన గాజు డొప్పలతో త్వరగా మునిగిపోతాయి.

ఈ తేడా చేప దాకా వెళ్తుంది. కవళ్లు (సార్డిన్ చేపలు) పెద్ద డయాటమ్‌లను నేరుగా తినగలవు. అతి చిన్న కణాలైతే మధ్యలో ఇంకో రెండు మూడు జీవుల కడుపుల్లోంచి రావాలి, ప్రతి చోటా చాలా భాగం ఖర్చయిపోతుంది.

అపోహ: మన మొగలో పచ్చదనం తగ్గితే ఇనుము తక్కువైనట్టే.

వాస్తవం: వరద రోజుల్లో ఇక్కడ ఆల్గేకి కరువైంది వెలుతురు. నీటి తేట చూడటానికి తెల్ల పళ్లేన్ని తాడుకి కట్టి దింపుతాను. ఎర్రనీటిలో మోచేతి లోతుకి వెళ్లకముందే కనపడదు. ధవళేశ్వరం నుంచి వచ్చే వరద ఆగి, మట్టి దిగి, నీరు తేటపడ్డాక ఆల్గే ఒక్కసారిగా లేస్తుంది. కాలిఫోర్నియా కథను మన మొగకి అంటించడం తప్పు.

అపోహ: ఇనుము చల్లితే చేపలు వస్తాయి.

వాస్తవం: 2009లో భారత్, జర్మనీ శాస్త్రవేత్తలు అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రంలో దాదాపు 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుము కలిపి చూశారు. లోహాఫెక్స్ అంటారు దాన్ని. ఆల్గే పెరిగింది కానీ సిలికా తక్కువ కావడంతో డయాటమ్‌లు లేవలేదు. లేచిన చిన్నవాటిని కోపెపాడ్‌లు (రొయ్య జాతి బుల్లి జీవులు) మేసేశాయి.

బాబాయ్‌కి ఇదంతా చెప్పి, ఇనుము కొలతలో ఉన్న చిక్కూ చెప్పాను. ఒకప్పటి లెక్కలు చాలావరకు తప్పు, ఎందుకంటే ఓడ తుప్పే సీసాలో పడేది. అందుకే నా తాడు నైలాన్‌ది, సీసాలు యాసిడ్‌తో కడిగిన ప్లాస్టిక్‌వి. ఆ మర్నాటి నుంచి, నేను సీసా దింపబోయే ముందే ఆయన లంగరు గొలుసుని పడవ వెనక్కి జరిపి గోనె కప్పుతున్నారు.